మూడో స్తంభం

ఆమె మెట్లెక్కి వచ్చిన తీరు చూడగానే అసిస్టెంటు కుర్చీ కంటే ముందు మంచినీళ్లు అందించాడు. ఆమె గ్లాసు పట్టుకుంది కానీ తాగలేదు. అందులోకే చూస్తూ కూర్చుంది.

కుట్టుమిషన్ల దుకాణం మీద ఉన్న ఆ గది ఊళ్లో చాలామందికి తెలుసు. అందులో ఉండే డిటెక్టివ్‌ని అందరూ నిదానంగారు అనేవాళ్లు. ఇల్లు తగలబడుతోందన్నా, ఎటువైపు నుంచి అని అడిగే మనిషి. ఆయన అసిస్టెంటు స్వయానా ఆయన బావమరిది. పూర్వం బడిలో లెక్కలు చెప్పేవాడు. అక్క మొగుడి దగ్గర తెలివి నేర్చుకుందామని ఆ ఉద్యోగం వదిలేశాడు. ఏం నేర్చుకున్నాడో చెప్పలేం గాని, ఆశ్చర్యపోవడంలో మాత్రం బాగా చెయ్యి తిరిగింది.

నిదానంగారు తొందరపెట్టలేదు. ఆమె తనంతట తానే మొదలుపెట్టింది.

కంప్యూటర్ సిస్టమ్‌లు తయారుచేయడం ఆమె పని. నది మీది వంతెనలన్నీ చూసుకునే సంస్థ ఒకటుంది. దాని కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పని ఆమెకు అప్పజెప్పారు. ఒక మాట టైపు చేస్తే ఆ మాటున్న కాగితం ఎన్నాళ్లదైనా కళ్లముందుకు రావాలి. దాన్ని ఎవరు చూశారో, ఎవరు పంపారో సిస్టమే గుర్తుపెట్టుకోవాలి. ఒకసారి లోపలికి వెళ్లిన పేజీని బ్రహ్మదేవుడు కూడా మార్చలేకుండా ఉండాలి. పని దాదాపు పూర్తయింది. పరీక్షించి చూసే రోజున ఆమె, ఆశ ఆపుకోలేక, తన తండ్రి పేరు టైపు చేసింది.

తండ్రి ఆ సంస్థలోనే ఇంజనీరు. ఆమె బడికెళ్లే రోజుల్లో ఒక సాయంత్రం ఒళ్లంతా తడిసి ఇంటికొచ్చాడు. అన్నం కూడా ముట్టకుండా, పాత వంతెన మూడో స్తంభం నీళ్లకింద పగిలిందని, రిపోర్టు రాసిచ్చానని భార్యతో చెప్పాడు. ఆ వానాకాలంలోనే జ్వరం తగిలి పోయాడు. ఇన్నేళ్ల తర్వాత ఆ రిపోర్టు తెరమీద తెరుచుకుంది. కాగితాలు మూడు, మూడూ టైపు చేసినవే. మధ్య కాగితంలో, మూడో స్తంభం దిట్టంగా ఉందని ఉంది. చివరి కాగితం కింద తండ్రి సంతకం.

ఆమె డైరెక్టరు దగ్గరికి పరుగెత్తింది. ఆయన మొదట ఓదార్చాడు. మర్నాడు మాత్రం, ఆమె సొంత బాధతో సిస్టమ్‌ని కెలుకుతోందని నోటీసు ఇచ్చాడు. ఆ రిపోర్టు ఆధారంగానే సోమవారం నుంచి పాత వంతెన మీదికి పెద్ద లారీలను వదలబోతున్నారు.

"మా నాన్నన్నా అబద్ధం చెప్పుండాలి, నా సిస్టమన్నా అబద్ధం చెప్తూ ఉండాలి. రెంటిలో ఏది నిజమైనా నేను తట్టుకోలేను సార్" అంది.

నిదానంగారు "నాన్నగారు ఇంట్లో సరిగ్గా ఏమన్నారమ్మా?" అని అడిగారు.

"పగిలిందన్నారు. అంతే. డైరెక్టరుగారికి నేను చెప్పిందీ అంతే."

"కాగితాలు ఇప్పుడెక్కడున్నాయి?"

లేవని చెప్పింది. స్కాన్ అయిన పాత కాగితాలను గుజ్జు చేసే మిల్లుకి పంపేస్తున్నారట. అందరికంటే ముందు వెళ్లినవి పాత వంతెన ఫైళ్లే.

మర్నాడు ఉదయం ముగ్గురూ ఆ సంస్థకు వెళ్లారు. ముందు రికార్డు గది చూడాలన్నారు నిదానంగారు. నేలమాళిగలో దీపం వెయ్యగానే బావమరిది గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇనుప అరలు వరసలు వరసలుగా చీకట్లోకి వెళ్లిపోయాయి. కొన్ని ఇప్పటికే ఖాళీ. మిగతావాటిలో ఫైళ్లు కప్పుదాకా పేర్చి ఉన్నాయి, ఒకదాని బరువు ఒకటి మోస్తూ. గోడలకు చెమ్మ. ఓ కట్ట విప్పబోతే కాగితాలు ఒకదాన్నొకటి వదలనన్నాయి. ఎంతమంది మనుషులు, ఎన్ని ఏళ్లపాటు, ఎన్ని మాటలు రాసి ఇక్కడ పెట్టి వెళ్లిపోయారో అనుకుంటే అతనికి ఒళ్లు జలదరించింది.

ఆ గదిని కాపలా కాసే ముసలాయన్ని అందరూ తాళాలాయన అంటారు. నడుముకు వేలాడే గుత్తి వల్ల ఆ పేరొచ్చింది. కొత్త సిస్టమ్ అంటే ఆయనకు గిట్టదు. మనిషిని చంపేసి ఫోటోకి దండ వేసినట్టుందని ముఖంమీదే అనేశాడు. పాత వంతెన ఫైలు ఎవరెవరి చేతులు మారిందని నిదానంగారు అడిగితే, బయటికి తీసేటప్పుడు తానే చారల స్టిక్కరు అంటించానని, అక్కడి నుంచి ఎవరు ముట్టుకున్నా సిస్టమ్‌కి తెలిసిపోతుందని, అందులో తనకేం చేతకాదని సణిగాడు.

"స్టిక్కరు అంటించకముందో?"

"అంటించకముందు అది నా ఇల్లండీ. నా ఇంటికెవరొస్తారు? ఏళ్ల తరబడి ఒక్క ఆఫీసరు ఈ మెట్లు దిగలేదు. మొన్నామధ్య డైరెక్టరుగారు మాత్రం వచ్చారు. పాత ఫైళ్లు స్కానింగుకి వెళ్లిపోయేముందు ఒకసారి కళ్లారా చూస్తానన్నారు. ఆ బల్ల దగ్గరే కూచున్నారు. నేనే టీ తెచ్చిపెట్టాను." ముసలాయన గొంతులో గర్వం దాగలేదు.

పై అంతస్తులో హాలు నిండా స్కానర్లు. అక్కడ పనిచేసే ఆవిడ మాటల పుట్ట. అడగకుండానే మేడమ్‌గారి మీద ఫిర్యాదు చేసింది. ప్రతి కాగితం రెండు వైపులా తియ్యాలట. వెనకవైపు ఖాళీగా ఉందమ్మా అన్నా వినరట. ఖాళీ వైపులు చదివేవాళ్లకు కనిపించవు కూడా, మరెందుకు ఈ చాకిరీ అని చేతులు తిప్పింది. మధ్య కాగితం తన దగ్గరికి వచ్చినప్పుడే టైపు చేసి ఉందని మాత్రం గట్టిగా చెప్పింది. చేతిరాత ఒక్క ముక్క కూడా లేదంది.

నిదానంగారు ఇంజనీరు కూతురి కంప్యూటరు ముందు బావమరిదిని కూచోబెట్టి ఏదైనా మాట కొట్టమన్నారు. అతను 'వరద' అని కొట్టాడు. కన్నుమూసి తెరిచేలోగా తెర నిండిపోయింది. తాతల కాలం నాటి టెలిగ్రాం, కొట్టుకుపోయిన పడవల లెక్క, ఎవరో గుమాస్తా వణుకుతూ రాసిన అర్జీ. కింద చూసిన ఆ చీకటంతా లేచి వచ్చి వెలుగులో నిలబడినట్టనిపించింది. "బావా, ఇది చేసినమ్మాయి మామూలు మనిషి కాదు" అన్నాడు గొంతు తగ్గించి.

నిదానంగారు మాత్రం ఆమెను ఒక్కటే అడిగారు. ఖాళీ వైపులను సిస్టమ్ పారేస్తుందా, దాచేస్తుందా? ఆమె తలెత్తి చూసింది. నా సిస్టమ్ ఏదీ పారేయదు సార్, అంది. ఆయన ఆమె చెవిలో ఏదో చెప్పారు. ఆమె ముఖం పాలిపోయింది.

డైరెక్టరు ఎంతో మర్యాద చేశాడు. గది మూల గాజుపెట్టెలో పాతకాలం టైపు మిషన్ ఒకటి మెరుస్తోంది. నిదానంగారు దాన్ని మెచ్చుకుంటే, అది పాత ఆఫీసుదేనని, కాలం ఎంత మారిందో వచ్చినవాళ్లకు చూపించడానికి బాగుచేయించానని చెప్పాడు. బావమరిది వంగి చూశాడు. రిబ్బను సరికొత్తది.

రిపోర్టు సంగతి ఎత్తగానే ఆయన నిట్టూర్చాడు. ఆ ఫైలు తానెన్నడూ చూడలేదన్నాడు.

"నేను ఈ ఊరు వచ్చేటప్పటికే ఆ ఇంజనీరుగారు పోయారు. ఆయన ముఖం కూడా ఎరగను. కూతురు కాబట్టి ఆ అమ్మాయి బాధ నాకర్థమవుతుంది. కానీ మీరే చెప్పండి, ఎప్పుడో ఎవరో పడవలో కూచుని పెన్సిలుతో గీసుకున్న బొమ్మను పట్టుకుని ఊరి రాకపోకలు ఆపేస్తామా?"

మాట సబబుగానే ఉందనిపించి బావమరిది తలూపాడు. నిదానంగారు నమస్కారం పెట్టి లేచారు. మెట్లు దిగుతూ, సంస్థ అధ్యక్షురాలిని రేపు పిలిపించమని ఆమెతో చెప్పారు.

మర్నాడు సమావేశపు గదిలో అందరూ కూచున్నారు. బల్ల తలాపున అధ్యక్షురాలు, పక్కన డైరెక్టరు, ఎదురుగా స్కానింగ్ ఆవిడ, తలుపు దగ్గర తాళాలాయన. గోడమీద పెద్ద తెర. దాని పక్కన ఇంజనీరు కూతురు నిలబడింది. బావమరిది ఆమె దగ్గరికి కుర్చీ ఒకటి జరిపాడు.

నిదానంగారు పాఠం చెప్పినట్టు మెల్లగా మొదలుపెట్టారు. సిస్టమ్ అబద్ధం చెప్పలేదు. లోపలికి వెళ్లిన కాగితాన్నే అది చూపిస్తోంది. స్టిక్కరు పడ్డాక ఫైలు స్కానింగ్ ఆవిడ దగ్గరికి తప్ప ఎక్కడికీ వెళ్లలేదు. అంటే కాగితం మారింది దానికి ముందే, రికార్డు గదిలోనే. అక్కడ ఆ ఫైళ్ల దగ్గర కూచున్న బయటిమనిషి డైరెక్టరుగారు ఒక్కరే. అలాగని తాళాలాయన్ని వదిలేయడానికి లేదు. సిస్టమ్ మీద కోపంతో ఆయనే మార్చాడని అనుకోవచ్చు. కానీ కొత్త కాగితం మీది అక్షరాలు పాత కాగితాల మీది అక్షరాలతో సరిగ్గా సరిపోయాయి, అంటే అదీ ఆ పాత ఆఫీసు మిషన్ మీదే కొట్టింది. ఆ మిషన్ ఇప్పుడు డైరెక్టరుగారి గదిలో తాళం వేసిన గాజుపెట్టెలో ఉంది. చూడటానికి పెట్టుకున్న మిషన్‌కి కొత్త రిబ్బను ఎందుకు?

డైరెక్టరు నవ్వాడు. మిషన్ బాగుచేయించడం నేరమైతే తనను జైల్లో పెట్టమన్నాడు.

"అంతమాత్రానికే మిమ్మల్ని అనుమానించను" అన్నారు నిదానంగారు. "నిన్న మీరొక మాటన్నారు. పడవలో కూచుని పెన్సిలుతో గీసిన బొమ్మ అన్నారు. ఈ అమ్మాయికి బొమ్మ సంగతే తెలియదు. ఫైల్లో ఉన్నవన్నీ టైపు కాగితాలు. ఆయన్ను మీరు చూడనేలేదన్నారు, ఫైలు కూడా చూడలేదన్నారు. మరి బొమ్మ మీకెక్కడ కనిపించింది?"

ఎవరో చెప్పగా విన్నానని డైరెక్టరు గొణిగాడు. ఎవరని అడిగితే తాళాలాయన వైపు చూశాడు. ముసలాయన తల అడ్డంగా ఊపాడు. అప్పుడు డైరెక్టరు గొంతు పెంచి, ఇదంతా గాలి కబుర్లని, అలాంటి బొమ్మంటూ ఉంటే చూపించమని అన్నాడు. మిల్లులో గుజ్జయిపోయిన కాగితాన్ని ఎవరూ చూపించలేరన్న ధీమా ఆ గొంతులో ఉంది.

నిదానంగారు ఆమెకు సైగ చేశారు.

తెరమీద రిపోర్టు మొదటి కాగితం వచ్చింది. ఆమె మీట నొక్కింది. కాగితం తిరగబడినట్టు దాని వెనకవైపు వచ్చింది. లేత పసుపు ఖాళీ. అక్కడక్కడా చెమ్మ మరకలు.

"ఈ వైపు ఇన్నేళ్లూ అసలు మధ్య కాగితానికి అతుక్కుని ఉంది" అన్నారు నిదానంగారు. "కింద చెమ్మ చూశారుగా. పైన ఫైళ్ల బరువు. నీళ్ల మీద పనిచేసేవాళ్లు అప్పట్లో ఊదారంగు పెన్సిలు వాడేవాళ్లు. దాని రాత తడి తగిలితే పక్క కాగితానికి ఎక్కుతుంది. కంటికి మరకలా కనిపిస్తుంది. స్కానరు కన్ను మనకంటే చురుకు. కానివ్వమ్మా."

ఆమె వెలుగు తగ్గించి రంగు ముదురు చేసింది. మరకల్లో ఏవో గీతలు కదిలాయి. ఊదారంగు లేచింది. అన్నీ తిరగబడిన అక్షరాలు, కుడి ఎడమైన గీతలు. ఆమె వేలు మీట మీద ఆగింది. తర్వాత నొక్కింది. బొమ్మ అద్దంలో చూసినట్టు అటుదిటు తిరిగింది.

వంతెన స్తంభం. దాని చుట్టూ అలలు, వేగంగా గీసినవి. నీటిగీత కింద స్తంభం ఒంటిమీద ఏటవాలుగా మెరుపులాంటి పగులు. పక్కన, వణికే పడవలో రాసినట్టున్న చేతిరాత: 'మూడో స్తంభం. పగులు లోపలిదాకా ఉంది. బరువు బండ్లు వెంటనే ఆపాలి.'

తాళాలాయన మెల్లగా లేచి నిలబడ్డాడు, ఎందుకో ఆయనకే తెలిసినట్టు లేదు. చనిపోయిన మనిషి కాగితాన్ని గుజ్జు చేసినా, ఆయన మాట పక్క కాగితం ఒంట్లోకి ఇంకి, ఇన్నేళ్లు చీకట్లో కాచుకుని, సొంత కూతురు కట్టిన సిస్టమ్‌లోకి వచ్చి నిలిచింది. ఆమె తెర దగ్గరికి వెళ్లి ఆ అక్షరాలను వేలితో తాకబోయి, తాకకుండా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాన్న రాతే" అంది.

డైరెక్టరు బల్లవంకే చూస్తూ చిన్నగా చెప్పుకొచ్చాడు. వంతెన లారీలకు సరిపోతుందని తాను ముందే అందరిముందూ మాటిచ్చేశాడు. ఫైలు తర్వాత కనిపించింది. అరల్లో ఉన్నన్నాళ్లూ దాన్ని ఎవరూ వెతికేవాళ్లు కాదు. సిస్టమ్‌లోకి ఎక్కితే మాత్రం ఏ పిల్లాడు 'స్తంభం' అని కొట్టినా బయటపడుతుంది. మాట వెనక్కి తీసుకుంటే నవ్వులపాలవుతానని భయపడ్డాడు. ఇన్నేళ్లు నిలబడిన వంతెన ఇంకొన్నేళ్లు నిలబడకపోతుందా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

"నిలబడకపోతే?" అని అధ్యక్షురాలు అడిగింది. ఆమె అక్కడే ఫోను తీసి, వంతెన ఇప్పుడే మూసేయమని చెప్పింది.

ఆ మధ్యాహ్నం గజ ఈతగాళ్లు మూడో స్తంభం దగ్గర నదిలోకి దిగారు. రెండు గట్లమీదా జనం చేరారు. కూతురు తల్లిని కూడా తీసుకొచ్చింది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలుచున్నారు. కాసేపటికి ఒక తల పైకి తేలింది. అతను ముఖం మీది అద్దం తీసి, పడవలోనివాళ్లతో ఏదో చెప్పాడు. పడవలోనివాళ్లు గట్టువైపు తిరిగి రెండు చేతులూ అడ్డంగా ఊపారు. వంతెనకు రెండువైపులా ఇనుప కంచెలు వెయ్యడం మొదలైంది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బావమరిది గట్టు అంచుదాకా వెళ్లి నిలబడ్డాడు. వంతెన మీద బస్సులు లేవు, బండ్లు లేవు, మనిషి జాడ లేదు. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు, దానికింద నది పారే చప్పుడు వినడం అతనికి అదే మొదలు.