డబుల్ బేస్ విన్న చప్పుడు

ఆ హాల్లో స్టేజీ మీద, ఎడమచేతి వైపు వెనక మూలలో ఎవరూ నిలబడరు.

నిలబడితే ఏమవుతుందో కూడా ఎవరూ సరిగ్గా చెప్పరు. రాత్రిళ్ళు అక్కడ కింది నుంచి మూలుగు వినబడుతుందంటాడు ఒకడు. మూలుగు కాదు, ఎవరో చెక్క మీద కొడతారంటాడు ఇంకొకడు. లైట్లు బిగించే మనిషి అక్కడ పడి చచ్చిపోయాడని ఒక కథ. కాదు, నాటకాల్లో చిన్నాచితకా వేషాలు వేసే ముసలాయన అని ఇంకో కథ. ఏ కథకీ ఊరూ పేరూ లేదు. అయినా నాటకాలవాళ్ళు, పాటలవాళ్ళు, ఆఖరికి ఊడ్చేవాళ్ళు కూడా ఆ మూలని వదిలేసి పని కానిచ్చేస్తారు. అక్కడ దుమ్ము పరుపు పరిచినట్టు ఉంటుంది.

ఇదంతా నాకు మా వదిన చెప్పింది.

వదిన కచేరీలకి సౌండు చూస్తుంది. ఇరవై ఏళ్ళుగా అదే పని. పెట్టెలు దించడం, వైర్లు లాగడం, ఎవరికీ కనబడకుండా బల్ల వెనక నిలబడటం, అందరూ వెళ్ళిపోయాక మళ్ళీ వైర్లు చుట్టడం. ఇంటికొచ్చిందంటే ఫ్యాను చప్పుడు కూడా భరించలేదు. అన్నయ్య ఆవిడతో సైగలతోనే కాపురం చేస్తున్నానంటాడు.

ఆ వారం నాలుగు రోజుల్లో మూడు హాళ్ళు. ఇది మూడోది. వాయించేది ఇద్దరే — గిటార్ అమ్మాయి, డబుల్ బేస్ బాబాయి. డబుల్ బేస్ అంటే మనిషంత ఎత్తుండే వాయిద్యం, వయొలిన్‌కి పెత్తండ్రి లాంటిది. నిలబెట్టి, పక్కన నిలబడి వేళ్ళతో మీటాలి. బాబాయి నలభై ఏళ్ళుగా దాన్ని వాటేసుకునే బతికాడు. ఇప్పుడాయన వేళ్ళలో పట్టు తగ్గింది. అంతకుముందు హాల్లో వెనక కూర్చున్నవాళ్ళు ఆయన చేతులు కదలడం చూశారే గానీ, ఒక్క ముక్క వినలేదు.

ఈ హాలు ఇంకా పెద్దది. ఆరొందల కుర్చీలు. ఇక్కడా అంతే అయితే వచ్చేసారికి ఎలక్ట్రిక్ బేస్ వాయించేవాణ్ణి చూసుకుందామని కచేరీ పెట్టించేవాళ్ళు అనేశారట. ఆ మాట బాబాయి చెవిన పడింది.  వదినని ఒక్కటే అడిగాడు, వాయిద్యానికి చిల్లులు పెట్టకుండా ఏదన్నా చెయ్యమ్మాయ్ అని.

హాల్లో అంతకుముందు ఏదో మీటింగు ఉండటంతో వీళ్ళ చేతికి తాళాలు వచ్చేసరికే రాత్రి తొమ్మిదైంది. మేనేజరు విసుగ్గా ఉన్నాడు. వాచ్‌మన్ తాత చెప్పాపెట్టకుండా నిన్నటి నుంచి కనబడట్లేదట. కూతురింటికి పోయుంటాడు, వయసు మీదపడ్డాక ఇంతే అని సణుక్కుంటూ మారు తాళాలు ఇచ్చి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ, ఆ మూలకి మాత్రం పోకండి, నిన్న సాయంత్రం ఊడ్చేవాళ్ళు మళ్ళీ ఏదో విన్నామని చీపుళ్ళు పారేసి పరిగెత్తారు... అన్నాడు.

గిటార్ సంగతి అరగంటలో తేలిపోయింది. తీగల కింద దూర్చే పికప్, అంటే వాయిద్యం చప్పుడు పట్టి స్పీకరుకి పంపే ముక్క, పెడితే రేకు డబ్బా వాయించినట్టుంది. గుండ్రటి రంధ్రానికి అడ్డంగా బిగించే అయస్కాంతం పికప్ పెడితే గట్టిగా, నిండుగా పలికింది గానీ చెక్క గొంతు పోయింది. చివరికి వదిన అయస్కాంతాన్నే ఉంచి, గిటార్ పొట్టలో చిన్న మైకొకటి దాచి, రెండూ కలిపింది. ఆ పిల్ల రెండు పాటలు వాయించుకుని, బాగుందక్కా అని లాడ్జికి వెళ్ళి పడుకుంది.

బేస్ అలా లొంగలేదు.

అది బీరువా అంత డొల్ల పెట్టె. స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మళ్ళీ దాని పొట్టలో దూరుతుంది. పొట్ట వణుకుతుంది. ఆ వణుకు మళ్ళీ స్పీకర్లోకి పోతుంది... అలా తిరిగి తిరిగి హాలంతా బోరుమంటుంది. మైకు పెడితే గొంతు తేనెలా ఉంది, కానీ కాస్త పెంచగానే ఏడుపు. చోటు మార్చారు. ఏడుపు. ఇంకాస్త వెనక్కి జరిపారు. అదే ఏడుపు.

పదకొండు దాటింది. వదినకి కళ్ళు మండుతున్నాయి, చెవుల్లో సన్నగా ఈల మోగుతోంది. బాబాయి బేస్ మెడ మీద తల ఆనించి నిలబడే కునుకు తీస్తున్నాడు.

స్పీకర్లకి దూరంగా మిగిలింది ఒక్కటే చోటు.

బాబాయి ఆ మూల వైపు చూశాడు. వదిన వైపు చూశాడు. వదిన చీపురు తెచ్చి దుమ్ము ఊడ్చింది. భయం వెయ్యలేదా అని నేనడిగితే, భయానికి కూడా ఓపిక ఉండాలి కదయ్యా అంది.

ఈసారి మైకు తీసేసింది. గోరంత బిళ్ళ ఒకటి తీసి, తీగల్ని మోసే బ్రిడ్జి కాలి సందులో ఇరికించింది. అది కూడా పికప్పే. కానీ అది గాలిని వినదు, చెక్కని వింటుంది. చెక్కలో వణుకు పుడితేనే దానికి వినబడుతుంది. దాన్ని నేరుగా స్పీకరుకి ఇస్తే పీలగా పలుకుతుందని మధ్యలో చిన్న పెట్టె పెట్టి గొంతు సరిచేసింది. బాబాయి లావు తీగ మీటాడు. హాలు చివరిదాకా నిండుగా వెళ్ళింది. ఏడుపు లేదు.

ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. బాబాయి తీగ మీద చెయ్యి పెట్టి ఆపాడు. నిశ్శబ్దం.

టక్...

స్పీకర్లోంచి వచ్చింది.

టక్... టక్...

బాబాయి రెండు చేతులూ పైకెత్తి చూపించాడు — నేను కాదు.

వదిన వైరు మార్చింది. టక్. చిన్న పెట్టె మార్చింది. టక్. ఫోన్ల వల్లేమోనని ఇద్దరివీ తీసుకెళ్ళి బయట వరండాలో పెట్టి వచ్చింది. అయినా వస్తూనే ఉంది — తొందరా లేదు, కోపమూ లేదు. బాగా అలిసిపోయినవాడు తలుపు కొడితే ఎలా ఉంటుందో అలా.

బిళ్ళ పక్కన మళ్ళీ మైకు పెట్టి, మైకు ఒక్కటే తెరిచింది. ఏమీ లేదు. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. మైకు మూసి, బిళ్ళ తెరిచింది.

టక్... టక్...

బాబాయి గొంతు తగ్గించి అన్నాడు: "పోదాం పదమ్మాయ్. నన్ను తీసేస్తే తీసేస్తారు."

వదిన కదల్లేదు. అప్పుడే ఆవిడకి ఒకటి తట్టింది.

"బాబాయ్, బేస్ ఒక్కసారి నేల మీంచి పైకి లేపు."

బేస్ అడుగున ఇనుప ముల్లు ఒకటి ఉంటుంది. దాని మీదే ఆ బరువంతా నేల మీద ఆనుతుంది. బాబాయి రెండు చేతులతో ఎత్తాడు. చప్పుడు ఆగిపోయింది. దించాడు. టక్...

"నేలలోంచి వస్తోంది," అంది వదిన.

"అందరూ చెప్పేదీ అదేగా, కిందే ఉందని."

"దెయ్యమైతే మైకులో కూడా రావాలి."

బాబాయి తల గోక్కున్నాడు. "దెయ్యాలకి మైకంటే పడదేమో," అన్నాడు.

వదిన నవ్విందట. 

డాక్టరు గుండె మీద గొట్టం ఆనించినట్టు బేస్‌ని అక్కడా ఇక్కడా ఆనించి చూశారు. మధ్యలో సన్నగా. కుడివైపు అసలు లేదు. మూలకి జరిపే కొద్దీ గట్టిగా. గోడ పక్కకి వచ్చేసరికి స్పీకరు గుడ్డ అదిరేంత గట్టిగా.

అప్పుడు బాబాయి, ఎందుకు చేశాడో ఆయనకే తెలీదు, లావు తీగ ఒక్కసారి మీటాడు.

టక్.

రెండుసార్లు మీటాడు.

టక్... టక్.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బాబాయి మూడుసార్లు మీటడానికి చెయ్యి ఎత్తి, ఎత్తినచోటే ఆపేశాడు. స్పీకర్లోంచి ఏమీ రాలేదు. అది ఎదురుచూస్తున్నట్టు అనిపించిందంది వదిన.

"కింద మనిషున్నాడు బాబాయ్," అంది. "దెయ్యం మనకి లెక్కలు అప్పజెప్పదు."

వరండాలో పెట్టిన ఫోన్లు తెచ్చుకున్నారు. స్టేజీ వెనక నాలుగు మెట్లు దిగితే, వంగి దూరాల్సిన చిన్న తలుపు. తాళం గొళ్ళానికి ఊరికే వేలాడుతోంది, వెయ్యలేదు. తలుపు మాత్రం బిగుసుకుపోయింది. వదిన భుజంతో నెట్టింది. బాబాయి కూడా వచ్చి భుజం కలిపాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, భయంతో పెదవులు ఆరిపోయి ఉన్నాయి, అయినా వచ్చాడు.

లోపల చీకటి, చెమ్మ వాసన, వరసగా చెక్క స్తంభాలు. వదిన ఫోను లైటు వేసింది. మూలకి, సరిగ్గా బేస్ ఆనించిన చోటికి కింద, ఇనుప కుర్చీల దొంతర కూలిపోయి ఉంది. దాని కింద రెండు కాళ్ళు. పక్కన జారిపడ్డ తాళాల గుత్తి.

వాచ్‌మన్ తాత.

ముందురోజు పొద్దున మీటింగుకి కుర్చీలు తీద్దామని దిగాడని తర్వాత తెలిసింది. దొంతర మీద పడింది. తలుపు గాలికి మూసుకుపోయింది. సాయంత్రం పైన ఊడ్చేవాళ్ళ అడుగులు వినబడి, మూలిగాడు, స్తంభం మీద తాళాలతో కొట్టాడు. వాళ్ళు విన్నారు. విని పారిపోయారు. ఆ మూలకి అంత చెడ్డపేరు లేకపోతే, ఆ పూటే ఎవరో ఒకరు తొంగిచూసేవాళ్ళు.

కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి. మాట లేదు. వదిన సీసాలో నీళ్ళతో పెదవులు తడిపితే నాలుక కదిలింది. బాబాయి ఒక్కో కుర్చీ తీస్తూ ఏదో గొణుక్కుంటున్నాడు. ఏమిటా అని వదిన వింటే, నన్ను క్షమించవయ్యా, పోదామన్నాను, పోదామన్నాను... అంటున్నాడు. అంబులెన్సు వచ్చి వెళ్ళేసరికి తెల్లవారుజామున రెండున్నర. మేనేజరు పరిగెత్తుకొచ్చి, తల దించుకుని నిలబడ్డాడు.  అతన్ని తిట్టే ఓపిక కూడా ఎవరికీ లేదు.

మర్నాడు కచేరీ బాగానే జరిగింది. బాబాయి ఆ మూలలోనే నిలబడి వాయించాడు. చివరి వరసలో కూర్చున్నవాళ్ళు కూడా లేచి చప్పట్లు కొట్టారు. ఎలక్ట్రిక్ బేస్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను నేను. వదిన కూడా అలాగే అనుకుందట.

పది రోజుల తర్వాత ఇంకో కచేరీకి వెళ్తూ దారిలో ఆసుపత్రిలో ఆగింది. తాత దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. రెండు కాళ్ళకీ కట్లు. మాట పూర్తిగా వచ్చేసింది. వదిన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఎంతసేపు కొట్టావు తాతా, చెయ్యి పడిపోలేదా అని అడిగింది వదిన.

"పడిపోకేం తల్లీ. మర్నాడు మధ్యాహ్నానికే చేతిలో సత్తువ పోయింది. తాళాలు జారిపోయాయి. ఇంక అంతేలే అని కళ్ళు మూసుకున్నాను."

వదిన మనసులో లెక్కేసుకుంది. వాళ్ళు బేస్ మీటింది ఆ రాత్రి పదకొండు దాటాక.

తాత తనంతట తనే చెప్పుకుపోయాడు. రాత్రి పైన ఏదో పెద్ద వాయిద్యం మోగిందట. చచ్చిపోతూ వింటున్నానేమో అనుకున్నాడట. ఇంతలో పక్కన స్తంభానికి ఆనుకుని ఎవరో కూర్చున్నారట. చీకట్లో మొహం కనబడలేదు, ఊపిరి మాత్రం వినబడిందట. చాలా అలిసిపోయిన ఊపిరి. ఆయన స్తంభం మీద కొడుతూనే ఉన్నాడట. పైన ఒకసారి మోగితే ఒకసారి, రెండుసార్లు మోగితే రెండుసార్లు. వీళ్ళతో వచ్చిన మనిషే, తాత కిందున్నాడని పైవాళ్ళకి చెబుతున్నాడనుకుని ధైర్యంగా పడుకున్నాడట.

వదిన ఫోను లైటు ఆ రాత్రి నాలుగు మూలలకీ తిప్పింది. తాత తప్ప అక్కడ ఎవరూ లేరు.

తాత ఆవిడ చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"ఆయన్ని కూడా పైకి తెచ్చారు కదమ్మా?"

వదిన ఆయన కట్ల మీద దుప్పటి సర్దింది.

"తెచ్చాం తాతా," అంది.