మైకులో జారిన మాట

సోమవారం పొద్దున్న లోవరాజు టీ తాగకుండానే ఆటో తీశాడు. గ్లాసు అరుగు మీదే చల్లారిపోయింది. రోజూ అయితే రెండో గ్లాసు కూడా అడిగి తాగి, కూతుర్ని నాలుగు మాటలతో ఏడిపించి, నాతవరం మొదటి ట్రిప్పుకి కూనిరాగం తీసుకుంటూ వెళ్ళే మనిషి. ఆ రోజు కెజియా వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

నాన్నకి ఒంట్లో బాగోలేదా అని తల్లిని అడిగింది కెజియా. సత్యవేణి దసరా రోజుల్లో కొండల మీంచి దిగే సీతాఫలాలు కొని బజారులో అమ్ముతుంది. గంప ముందు కూర్చుని పండినవీ పండనివీ వేరు చేస్తూ ఉండిపోయింది.

కెజియా డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. చదువులో చురుకు, పాటలో చురుకు, నోట్లో ఇంకాస్త చురుకు. చర్చిలో యవ్వనస్థుల కూడికకి ఆ పిల్ల లేకపోతే ఊపు రాదని అందరూ అంటారు. అలా అనిపించుకోవడం ఆమెకీ ఇష్టమే. భక్తి ఉంది, నిజమే, కానీ మరీ దేవదూతేం కాదు.

ముందురోజు ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పమన్నారు. దేవుడు తమకు చేసిన మేలు ఏమిటో నలుగురి ముందూ లేచి చెప్పుకోవడమే సాక్ష్యం. ఒకాయన పాముకాటు తప్పిన సంగతి చెప్పాడు. ఒకావిడ కొడుక్కి కామెర్లు తగ్గిన సంగతి ఏడుస్తూ చెప్పింది. హాలు స్తోత్రాలతో దద్దరిల్లింది. తర్వాత మైకు కెజియా చేతికొచ్చింది. నాన్న తాగుడు మానేశాడనీ, ఎండాకాలం నుంచి చుక్క ముట్టలేదనీ చెప్పింది. అది అక్షరాలా నిజం. తల్లీ తనూ చేసిన ప్రార్థన దేవుడు విన్నాడంది. అదీ మనసారా నమ్మిన మాటే. కానీ ముందువాళ్ళకి లేచినన్ని స్తోత్రాలు ఆమెకి లేవలేదు. ఆ క్షణాన ఏం బుద్ధి పుట్టిందో, తాగొచ్చి అమ్మని కొట్టేవాడనీ, జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చేవాడనీ అనేసింది.

హాలు ఘొల్లుమంది. ఆడవాళ్ళు సత్యవేణి చుట్టూ చేరి ఆమెని గుండెలకు హత్తుకున్నారు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అన్నారా! అందులోనూ ఆ మాట జారింది మైకులో. చర్చి మీది లౌడ్‌స్పీకరు రోడ్డు చివరి ఆటో స్టాండు దాకా వినిపిస్తుంది. భార్యనీ కూతుర్నీ గేటు దగ్గర దింపి, లోవరాజు ఎప్పట్లాగే ఆ స్టాండులోనే కూర్చుని ఉన్నాడు.

ఈ సంగతి కెజియాకి సోమవారం మధ్యాహ్నం రోజారమణి చెబితే గానీ తెలియలేదు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి ఒకే బెంచీ, ఒకళ్ళ క్రిస్మస్ కేకూ ఇంకొకళ్ళ దసరా బూరెలూ పంచుకు తిన్నవాళ్ళు. రోజారమణి తండ్రి జోగులు కూడా అదే స్టాండులో ఆటో నడుపుతాడు. ఆ మాట వినగానే స్టాండంతా లోవరాజు వైపు తిరిగిందట. తర్వాత ఎవడో, ఇంట్లో ఇంత పులివని తెలీదురా అని నవ్వాడట. నిప్పు లేనిదే పొగ రాదుగా అని ఇంకొకడు సాగదీశాడట. లోవరాజు తల వంచుకుని ఆటో అద్దం తుడుస్తూ ఉండిపోయాడట.

"మా నాన్న నన్నడిగాడే, నిజంగా కొట్టేవాడా అని. నేనెప్పుడూ చూళ్ళేదే మరి" అంది రోజారమణి. తర్వాత గొంతు తగ్గించింది. "నిన్న సాయంత్రం మీ నాన్న బ్రాందీ షాపు ముందు చాలాసేపు నిలబడ్డాడంట. లోపలికెళ్ళలేదులే. కానీ నిలబడ్డాడంట."

కెజియాకి అప్పుడు తట్టింది. ఏ సంగతికైతే దేవుడికి కృతజ్ఞత చెప్పిందో, దాన్ని తన నోటితోనే పాడు చేసుకుంటోందా? నాన్న మళ్ళీ తాగితే ఆ పాపం ఎవరిది?

దీపాలు పెట్టే వేళకి లోవరాజు ఇంటికొచ్చాడు. కెజియా ముందు అతని కళ్ళు చూసింది. ఎర్రగా లేవు. అన్నం పెట్టనా అంటే ఒద్దన్నాడు. ఆమె కదలకుండా నిలబడేసరికి ఇక ఆపుకోలేకపోయాడు.

"నాను తాగీవోన్నే. ఊరంతకీ సెప్పుకో, అందల అబద్ధం నేదు. గాని సెయ్యెత్తినానా అమ్మా? ఒక్కపాలైనా ఎత్తినానా?"

గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేదనిపించింది కెజియాకి.

"మా అయ్య కొట్టీవోడు మాయమ్మని. నాను మంచం కింద దూరి ఏడిసీవోన్ని. అందుకే, ఎంత తాగినా రెండు సేతులూ సంకల్లో ఎట్టుకొని ఆ అరుగు మీదే పడుకున్నాను. లోపలికి అడుగెట్టీవోన్ని కాదు."

కెజియాకి కళ్ళకి కట్టినట్టు కనిపించింది. చలికి ముడుచుకున్నాడనుకుని తను ఎన్నిసార్లు దుప్పటి కప్పిందో! ఏడుపు తన్నుకొచ్చింది. తప్పయిపోయింది నాన్నా అంటూ దగ్గరికి వెళ్ళింది.

"నువ్వు సిన్నపిల్లవి" అన్నాడు లోవరాజు. "మీయమ్మ అక్కడే కూసుంది కదేటి. కాదని ఒక్క మాట అనొచ్చు కదా."

సత్యవేణి కడుగుతున్న గిన్నె పక్కన పెట్టేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా ఇల్లు ఇల్లులా లేదు. దసరా పండక్కి స్టాండులో ఆటోలన్నీ బంతిపూల దండలతో పెళ్ళికొడుకుల్లా తయారయ్యాయి. దేవుడు ఎవరికి వారైనా ఆటో అందరిదీ అంటూ ఏటా లోవరాజు ఆటోకి దండ గుచ్చేది కెజియానే. ఈసారి అతను అడగలేదు, ఆమెకి ధైర్యం చాలలేదు. బోసి ఆటోతోనే తిరిగాడు. చీకటి పడితే చాలు, తల్లీకూతుళ్ళు అతని అడుగు తిన్నగా పడుతోందో లేదో అని గుమ్మం వైపే చెవులప్పగించి కూర్చునేవారు. అడుగు తిన్నగానే పడేది. మాట మాత్రం లేదు.

పండగ మర్నాడు కెజియా పాస్టరుగారి ఇంటికి వెళ్ళి, సాక్ష్యంలో తాను అబద్ధం కలిపానని ఒప్పుకుంది. మళ్ళీ మైకు ఇవ్వమని అడిగింది. ఆయన ఇబ్బంది పడ్డారు. చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకున్నవాళ్ళని ఆయన ఇంతవరకూ చూడలేదు. రేపు ఎవరు నిజం చెప్పినా జనం నమ్మరేమో అన్నారు. చివరికి, "నాది కూడా తప్పేనమ్మా. పెద్ద కష్టం చెప్పినవాళ్ళకే పెద్దగా స్తోత్రం చెప్పించాను. ఆదివారం నువ్వే ముందు మాట్లాడు" అన్నారు.

ఇంటికొచ్చి తల్లికి చెప్పింది. సత్యవేణి గంపలో పళ్ళు సర్దుతూనే మనసు విప్పింది. పెళ్ళయిన దగ్గర్నుంచి తనెంత ఏడ్చినా ఎలా ఉన్నావని ఒక్కరూ అడగలేదట. ఆ ఆదివారం అంతమంది పట్టుకుని ఓదారుస్తుంటే, అది అబద్ధానికి దక్కిన ఓదార్పని తెలిసి కూడా వదులుకోలేకపోయిందట. తల్లి అంత మాట తనతో చెప్పుకోవడం కెజియాకి అదే మొదటిసారి. తల్లి భుజం మీద తల ఆన్చింది.

ఆదివారం వచ్చింది. లోవరాజు ఎప్పట్లాగే ఇద్దర్నీ గేటు దగ్గర దింపి స్టాండుకి వెళ్ళిపోయాడు. పాస్టరుగారు కెజియా పేరు పిలిచారు. ఆమె లేవబోతుంటే, పదిమందిలో ఎన్నడూ గొంతు విప్పని సత్యవేణి ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టి, తనే వెళ్ళి మైకు అందుకుంది.

"వందనాలండి. నాకు మాటాడ్డం రాదు. మా ఆయన నన్ను కొట్టనేదండి. ఒక్క దెబ్బ కూడా నేదు. మీరందరూ నన్ను పట్టుకొని ఏడిసినప్పుడు నాను కాదననేదు. పిల్లది తప్పయితే నాది అంతకంటే పెద్ద తప్పు."

అక్కడితో ఆగుతుందనుకున్నారు. ఆగలేదు.

"కొట్టనేదు గాని, ఆయనలా తాగి అరుగు మీద పడుంటే ఊపిరుందో నేదో అని తెల్లార్లూ గుమ్మంలో కూసొని సూసుకునీదాన్ని. అదెవరూ అడగనేదు. ఆయనా అడగనేదు. దెబ్బ నేదు కదా, దీనికేటి కష్టం అనుకున్నారు అందరూ."

హాలులో ఎవరూ స్తోత్రం అనలేదు. ఆ తర్వాత కెజియా లేచి, అది తాను అల్లిన మాటేననీ, తన సాక్ష్యం గొప్పగా ఉండాలనే తండ్రి పరువు తీశాననీ మైకులోనే చెప్పి వచ్చి కూర్చుంది.

ఆరాధన అయి బయటికొచ్చేసరికి లోవరాజు గేటు లోపల నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్ళలో ఆ గేటు దాటింది లేదు. ఆటో స్టాండులోనే వదిలేసి నడిచొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ, అది తాగుడు ఎరుపు కాదని కెజియాకి చూడగానే తెలిసింది.

"సెయ్యెత్తనేదని ఇన్నాళ్ళూ నాకు నానే మంచోన్నని అనుకున్నాను" అన్నాడు.

కెజియా ఏడుస్తూ ఎదురెళ్ళి, నన్ను క్షమించు నాన్నా అంటూ అతని కాళ్ళ మీదికి వంగబోయింది. లోవరాజు ఆమెని లేవదీసి పక్కన నిలబెట్టాడు.

"ఉండమ్మా. ముందు నన్ను మీయమ్మని అడగనీ" అన్నాడు, భార్య వైపు తిరుగుతూ.