నలభై ఒకటో పొడుపు కథ

ఆ ఇంట్లో పొద్దున్నే పొయ్యి మీద పాలు పొంగకముందే ఒక పొడుపు కథ పొంగుతుంది.

"ఒంటికాలి మీద ఊరంతా తిరుగుతుంది. వెనక్కి తిరిగి చూస్తే అడుగులే అడుగులు. ఏమిటే అది?" అంది అమ్మ, కుట్టు మిషను ముందు స్టూలు మీద సర్దుకుని కూర్చుంటూ.

"సూది! ఇది పోయినేడాదే అడిగావమ్మా. నీ సంచీ అడుగంటినట్టుంది," అంది కూతురు, దారం కొస నోట్లో తడుపుతూ.

"మీ అమ్మ సంచీ అడుగంటడమా! పెళ్ళైన కొత్తలో నన్ను అన్నానికి కూర్చోబెట్టి, జవాబు చెప్తేగానీ వడ్డించేది కాదు. అందుకే నేనిలా చిక్కిపోయాను," అన్నాడు నాన్న పొట్ట నిమురుకుంటూ. ఆయన బస్సు డ్రైవరు. ఆ రోజు సెలవు.

కూతురి అసలు పేరు బడి రిజిస్టరులోనే ఉండిపోయింది. ఇంట్లో అందరికీ ఆమె మొండి. నలుగురిలో నోరు మెదపని పిల్ల, పొడుపు కథ దగ్గర మాత్రం ఉడుంపట్టు పడుతుంది. పది సూదులకు దారం ఎక్కించి గోడ పక్కన దిండుకు గుచ్చడం రోజూ పొద్దున ఆమె పని. ఏడాది క్రితం వరకూ అది అమ్మే చేసుకునేది. "నీ వేళ్ళు సన్నం కదే, చటుక్కున ఎక్కిస్తావు," అని అప్పగించింది. ఆ మాటకు మురిసిపోయిందే తప్ప, ఎందుకని అడగలేదు మొండి.

పొడుపు కథలకు ఆ ఇంట్లో ఒక రూలుంది. అమ్మమ్మ నాటిది. "ఓడిపోయాను" అని నోటితో అంటేనే విడుపు చెప్తారు. అనకపోతే ఎన్నాళ్ళైనా సరే, చెప్పరు. మొండి తన నోటుపుస్తకంలో ఎడమ పేజీలో పొడుపు, కుడి పేజీలో విడుపు రాసుకునేది. యాభై ఎనిమిది రాసింది. నలభై ఒకటో దానికి మాత్రం కుడి పేజీ ఖాళీ.

"అంచుల నుంచి చిరుగుతూ నడిమికి వస్తుంది. ఏ దారంతోనూ మాసిక పడదు. ఏమిటది?"

పదకొండు నెలల కిందట, గుండీలు కుడుతూ కుడుతూ ఆగి అడిగింది అమ్మ. పాత దుప్పటి అంది మొండి. పురుగు తిన్న ఆకు అంది. ఎండకు కరిగే మంచుగడ్డ అంది. అన్నిటికీ అమ్మ తల అడ్డంగా ఊపింది. నాలుగు రోజులు పోయాక, బట్టలు మడతపెడుతూ, "ఇంక చెప్పేస్తానే. ఇది ఆట కాదు తల్లీ..." అని మొదలుపెట్టింది. మొండి చటుక్కున లేచి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టేసింది. "చెప్పకు! నేను ఓడిపోలేదు. నేనే విప్పుతాను!" అమ్మ ఆ చేతి వెనక నుంచే నవ్వింది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు తలుపు చప్పుడైంది. ఎదుటి వీధి ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ. చేతిలో సంచీ. తెల్ల కోట్లు ఆరు కుట్టించుకుని నిన్ననే పట్టుకెళ్ళింది.

"అక్కా, ఏమీ అనుకోకండి," అంటూ రెండు కోట్లు తీసి మంచం మీద పరిచింది. ఒకదానికి కుడి చెయ్యి ఎడమకు వచ్చింది. ఇంకోదానికి జేబు ఏటవాలుగా పోయి అంచు దాటిపోయింది. "వేసుకుంటే అందరూ నవ్వారక్కా. మీ కుట్టు ఎప్పుడూ ఇలా ఉండదు కదా?"

అమ్మ జేబు మీద వేలు పెట్టి తడిమింది.

మొండికి చెవులు వేడెక్కాయి. ఆ ఆసుపత్రి నర్సుల పిల్లలు ఇద్దరు తన క్లాసులోనే ఉన్నారు. రేపు బడిలో ఏమంటారో ముందే వినబడింది. "ఎక్కడ పెట్టుకున్నావమ్మా కళ్ళు?" అంది అమ్మ వైపు విసురుగా తిరిగి. " పోయిన వారం కూడా గళ్ళ చొక్కా గీతలు కలవలేదు. మొన్న నా గౌను కత్తిరింపు పాడుచేశావు. ఇష్టం లేకపోతే మానెయ్. మా పరువెందుకు తీస్తావు?"

"అంత మాటేమిటే!" అన్నాడు నాన్న. అయినా ఆయనా ఆగలేదు. "నువ్వూ కాస్త మనసు పెట్టి చేయొచ్చు కదా. ఈమధ్య నీకు ధ్యాస ఎక్కడుంటోంది? గ్లాసులు పగలగొడతావు, గుమ్మానికి కొట్టుకుంటావు."

"కూర్చోండి నర్సమ్మ గారూ, టీ తెస్తాను," అంది అమ్మ, ఆ మాటలు తనను కానట్టు. లేచి వంటింటి వైపు తిరిగింది. భుజం తలుపు చట్రానికి ధన్‌మని తగిలింది.

నర్సమ్మ గబుక్కున లేచి అమ్మ ఎదురుగా నిలబడింది. "అక్కా, కదలకండి. నా మొహమే చూడండి." కుడిచెయ్యి పక్కకు చాచి రెండు వేళ్ళు ఆడించింది. "ఇవి ఎన్ని వేళ్ళు?"

"ఏ వేళ్ళు?" అంది అమ్మ. "చెయ్యి ఎక్కడ పెట్టారమ్మా?"

మొండి చేతిలోని సూది జారి కింద పడింది.

ఆ మధ్యాహ్నమే పెద్ద కంటి ఆసుపత్రికి వెళ్ళారు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు నెమ్మదిగానే చెప్పింది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతోంది. చూపు చుట్టుపక్కల నుంచి పోతూ పోతూ మధ్యకు వస్తుంది. పోయింది తిరిగి రాదు. చుక్కల మందు వేసుకుంటే మిగిలింది కొన్నాళ్ళు నిలవచ్చు. ఎన్నాళ్ళో చెప్పలేం.

"ఎప్పటి నుంచి ఇలా ఉందమ్మా?"

"ఏడాది దగ్గరికి వచ్చింది," అంది అమ్మ. "కళ్ళజోళ్ళ కొట్టాయన అప్పుడే చెప్పాడు, పెద్దాసుపత్రికి పొమ్మని."

"అప్పుడే వచ్చి ఉంటే చాలా మిగిలేది."

తలుపు పక్కన నిలబడి ఉన్న మొండికి ఆ ఒక్క మాట తర్వాత ఇంకేమీ వినబడలేదు. అంచుల నుంచి చిరుగుతూ నడిమికి వస్తుంది. ఏ దారంతోనూ మాసిక పడదు. తన అరచేతి కింద అమ్మ పెదవులు కదిలిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. అరచెయ్యి గౌనుకు రుద్దుకుంది. మళ్ళీ మళ్ళీ రుద్దుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చాక నాన్న మిషను మీద దుప్పటి కప్పాడు. చనిపోయిన మనిషికి కప్పినట్టుందా కప్పడం. తర్వాత వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చాడు.

మొండి నోటుపుస్తకం పట్టుకుని స్టూలు పక్కన నేల మీద కూర్చుంది. "ఎందుకు చెప్పలేదమ్మా? మామూలుగా, మాటల్లో?"

"నోరు రాలేదే. చెప్తే మిషను మాన్పించి మూల కూర్చోబెడతారని భయం. మా అమ్మ ఏ కష్టమైనా పొడుపు కథగానే చెప్పేది. నువ్వు విప్పితే, నేను చెప్పకుండానే నీకు తెలిసిపోతుంది కదా అనుకున్నాను. నువ్వు విప్పేదాకా అది నిజం కాదులే అని కూడా అనుకున్నాను." అమ్మ తడుముకుంటూ మొండి తల మీద చెయ్యి వేసింది. "నువ్వు నా నోరు మూసినప్పుడు, నిజం చెప్పాలంటే, నాకు హాయిగానే అనిపించింది. తప్పు నీది కాదు తల్లీ. నేను నీకంటే మొండిదాన్ని."

"నేను విని ఉంటే..."

"ఊరుకో."

మొండి ఊరుకోలేకపోయింది. అమ్మ ఒళ్ళో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, నలభై ఒకటో పేజీ తెరిచింది.

"ఓడిపోయానమ్మా. విప్పు."

"తెలిసిపోయిందిగా."

"రూలు రూలే కదా."

అమ్మ చెయ్యి గాలిలో వెతుక్కుని పుస్తకం అంచు పట్టుకుంది. "రాసుకో అయితే," అంది. "చూపు."

మొండి కుడి పేజీలో రాసింది. అమ్మ మొహమంతా తిప్పి, సూది బెజ్జంలోంచి చూసినట్టు, ఆ పేజీ మీద వెతికింది. వెతుకుతూనే ఉంది.

"ఇంకాస్త పెద్దగా రాయవే," అంది.

మొండి దాని కిందే ఇంకాస్త పెద్దగా రాసింది. అమ్మ ఇంకా వెతుకుతూనే ఉంది. మొండి పుస్తకం చివర ఖాళీ పేజీ తెరిచి, ఆ రెండక్షరాలూ అంచు నుంచి అంచు దాకా, పేజీ నిండా రాసింది.

"ఆఁ, కనబడింది," అంది అమ్మ.

ఆ అనడం నిజమో, కూతురి కోసం అన్నదో, మొండి అడగలేదు.