తెల్లబడని పగులు

దీవెనమ్మ ఆటో ముందుపలక అంచు నుంచి గోటి ముక్కంత ప్లాస్టిక్ చెక్కి, ఆ ముక్కకు నిప్పంటించి వాసన చూసింది. ఏ రకమో తెలియకుండా అతికితే ఆ అతుకు మొదటి గతుకులోనే ఊడుతుంది. పగులుకు తప్పెవరిదో తేల్చే సాక్షిపెట్టె గోడ మీంచి ఆమె చేతులనే చూస్తోంది. వంటగదిని ఆనుకున్న ఆ వరండాలో పదకొండేళ్లుగా ఇదే పని. ఆ వీధిలో ఇంకో తొమ్మిది ఇళ్లలో అతుకుదార్లు ఉన్నారు.

సూరిబాబు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మంగళగిరి స్టాండులో ఆటో నడుపుతాడు. ఈ ఏడాది అతనికిది మూడో పగులు. మూడోసారి కూడా 'డ్రైవర్ అజాగ్రత్త' అని నమోదైతే హ్యాండిల్ బిగుసుకుపోతుంది. ఇక ఏ బండి హ్యాండిలూ అతని చేతికి తిరగదు.

"దేన్ని గుద్దావు?"

"దేన్నీ గుద్దలేదక్కా. బండి పక్కన పెట్టి టీ తాగుతున్నా. టప్‌మని చప్పుడైంది. వచ్చి చూస్తే ఇట్టా ఉంది."

"ఆగున్న బండి దానంతటది పగులుద్దా? ఎవరికి చెప్తున్నావ్?"

"మా అమ్మతోడక్కా."

అందరూ ఒట్లే వేస్తారు. నిప్పు లేనిదే పొగ రాదని దీవెనమ్మ నమ్మకం. అతను మాత్రం ఆమెను నమ్మాడా? పెట్టెనూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు, ఇద్దరూ ఒకే ఇంటివాళ్లయినట్టు.

పెట్టె పలికింది. "దెబ్బ. బయటి నుంచి. డ్రైవర్ అజాగ్రత్త. అతుకుదారు వేలిముద్ర వేసి పని మొదలుపెట్టవలెను."

పెట్టె ఏం తేల్చినా, మనిషి వేలిముద్ర పడితేనే తీర్పు చెల్లుతుంది. అది చట్టం. ముద్ర పడగానే పగులును కరిగించి పూడ్చేయాలి. దీవెనమ్మ పూడిస్తే ఎక్కడ పగిలిందో బండిగలవాడే పోల్చుకోలేడని పేరు.

ఆమె బొటనవేలు చాచింది.

"అక్కా, గుద్దితే పైన గీతన్నా పడాలి గదా. ఏదీ, చూపించు."

తనకే పని నేర్పుతున్నాడని ఒళ్లు మండింది. అతని నోరు మూయించడానికే పలకను వెలుతురుకు తిప్పింది. గీత లేదు. అంతకన్నా వింత, తెలుపు లేదు. దెబ్బ తిన్న ప్లాస్టిక్ పగులు పక్కన పాలచారలా తెల్లబడుతుంది. ఇది బ్లేడుతో కోసినంత శుభ్రంగా ఉంది. లోపలివైపు తిప్పింది. పగులు మొదలైన మూలలో, పలకతో పాటే పోత పోసిన ఆవగింజంత బుడిపె ఉంది. దాని మీద వేలు పెట్టి చటుక్కున తీసేసింది. పలకను బండి నుంచి ఊడదీసి రెండు గంటలైంది. ఆమె ఇంకా కరిగించే కడ్డీ స్విచ్చే వేయలేదు. అయినా బుడిపె కాలుతోంది. పలకను పగలగొట్టింది బయటి దెబ్బ కాదు, ఇదే.

పోయిన వారం అతికిన రెండు పలకలు గుర్తొచ్చాయి. వాటికీ తెలుపు లేదు. ఎందుకు పగిలిందో చూడటం ఆమె పని కాదు, మూయడమే పని. వాటిలో ఒకటి తెచ్చిన డ్రైవర్ పోలయ్య కూడా ఇక్కడే నిలబడి ఒట్టేశాడు. అయినా ముద్ర వేసింది. ఇప్పుడు స్టాండులో పోలయ్య చోట డ్రైవర్ లేని ఆటో నిలబడుతోంది. ఆ ఆటోలు చేసేవాళ్లే ఈ పలకలూ చేస్తారు, ఈ పెట్టెలూ చేస్తారు. కంచే చేను మేస్తోంది, ఇన్నేళ్లూ ఆ కంచెను బాగుచేస్తున్నది తనే. దీవెనమ్మకు సిగ్గేసింది, ఆ వెంటనే భయమూ వేసింది.

"వేలిముద్ర," అంది పెట్టె. "ఆలస్యమైతే అతుకుదారు అనుమతి రద్దు."

"ముద్రెయ్ అక్కా," అన్నాడు సూరిబాబు నీరసంగా. "నా కోసం నీ పొట్టెందుకు కొట్టుకుంటావ్."

"నోర్ముయ్. ఇదిగో, ఇక్కడ ముట్టుకో."

ముట్టుకున్నాడు. ఉలిక్కిపడి పెట్టె వైపు చూశాడు, తర్వాత ఆమె వైపు చూశాడు. ఈసారి ఆ రెండు చూపులూ ఒకలా లేవు.

దీవెనమ్మ పలకతో వరండా చివరికి వెళ్లి గొంతెత్తింది. "ఒసే సుగుణా! ఖాసింబీ! మీ చేతుల్లో పలకలు తిప్పి లోపలి మూల ముట్టుకుని చూడండే! కాలితే ముద్రెయ్యమాకండి! అతకమాకండి!"

"ఏందే పొద్దున్నే నీ గోల?" అంది సుగుణ ఎదురు మేడ మీంచి. తన చేతిలో పలక తిప్పి చూసింది. అతుకులు నునుపు చేసే ఆమె గ్రైండింగ్ మిషన్ ఆగింది. పక్కింట్లో ఖాసింబీది ఆగింది. ఇంకా అవతల ఒకటి, మరొకటి. కాసేపటికి వీధి చివర కూరగాయలమ్మే ఆమె కేక స్పష్టంగా వినిపించింది.

పెట్టె మరో మూడుసార్లు వేలిముద్ర అడిగింది. అనుమతి రద్దయిందని చెప్పింది. తీర్పు నమోదు కాలేదని చెప్పింది. ఆ తర్వాత మళ్లీ పలికింది.

"అతుకుదారు ఏం చూశారు?"

పదకొండేళ్లలో పెట్టె ఆమెను ఒక ప్రశ్న అడగడం అదే మొదటిసారి. దీవెనమ్మ పలక లోపలివైపు వీధికి కనపడేలా వరండా కడ్డీలకు కట్టసాగింది. సూరిబాబు వచ్చి తాడు రెండో కొస పట్టుకున్నాడు.