ఎడమకాలి వంతు

మంచుకొండల కిందున్న కారాకోల్‌లో పాత కుట్టు ఫ్యాక్టరీ వాళ్ళ క్లబ్బు ఉంది చూశారూ, దాని మూడో అంతస్తు హాలు మంచిది కాదని ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. పగలు ఏ బాధా లేదు. చెక్క నేల, ఒకవైపు గోడంతా అద్దం, ఇంకోవైపు మూడు పెద్ద కిటికీలు. చలికాలం సాయంత్రం హాలుకి తాళం పడ్డాక మాత్రం లోపల్నుంచి చప్పుడొస్తుందంటారు. టక్... టక్... ఎవరో పీట ఎక్కుతున్నట్టు, దిగుతున్నట్టు.

నా చెవులతో నేను వినలేదు. విన్నవాళ్ళు చెప్పింది చెబుతున్నాను, అంతే.

పన్నెండేళ్ళ కిందట వెనేరా అనే ఆవిడ ఆ హాల్లో స్టెప్ ఏరోబిక్స్ నేర్పేది. జానెడెత్తు ప్లాస్టిక్ పీటలు వరసగా వేసి, పాటకి తగ్గట్టు ఎక్కించి, దించి, తిప్పి, మిషన్ల ముందు కూచుని కూచుని పట్టేసిన నడుములన్నీ ఆవిడే బాగు చేసిందని పేరు. ఆ విద్యలో ఒక నియమం ఉంది. ఏ అడుగుల వరస కట్టినా ముందు కుడికాలితో మొదలెట్టి నేర్పుతారు. తర్వాత అదే వరసని ఎడమకాలితో మొదలెట్టి చేయిస్తారు. కుడికి ఎంతో ఎడమకీ అంతే. ఎడమకాలి వంతు ఎగ్గొట్టి క్లాసు ముగించే మనిషిని వాళ్ళలో వాళ్ళు టీచరనరు.

ఆ రోజు వెనేరా చివరి వరస కుడికాలితో చేయించింది. "ఇప్పుడు ఎడమ" అంది. బూటు లేసు ఊడిందని పీట మీద కూచుని వంగింది... మరి లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు.

ఎడమకాలి వంతు అలాగే మిగిలిపోయింది. అది పూర్తి చేసుకోడానికే ఆవిడ వస్తోందని జనం మాట. తర్వాత ముగ్గురు టీచర్లు వచ్చారు. ముగ్గురిలో ఒక్కరూ చలికాలం దాటేదాకా నిలవలేదు, మానేసి పోయారు.

నాలుగో మనిషి తోల్కున్.

తోల్కున్‌కి ముప్పై ఎనిమిదేళ్ళు. రాజధాని బిష్కెక్‌లో పదిహేనేళ్ళు ఇదే నేర్పింది. కిందటేడు నిండు క్లాసులో, ముప్పైమంది ఎదురుగా చూస్తుండగా, ఉన్నట్టుండి ఆవిడకి లెక్క పోయింది. పాట నడుస్తోంది. తను మాత్రం పీట మీద కొయ్యబారిపోయింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు, ఇంకెవరో ఫోన్లో తీశారు. ఆ వీడియో ఫోన్లన్నీ తిరిగింది. ఇక అక్కడ ముఖం చెల్లక పుట్టినూరికొచ్చి అక్క ఇంట్లో దిగింది.

అప్పట్నుంచీ ఆవిడ నేర్పేటప్పుడు క్లాసు వైపు ముఖం తిప్పదు. పాతకాలం టీచర్లు జనానికి ఎదురుగా నిలబడేవాళ్ళు. నోటితో "కుడి" అంటూ తాము ఎడమకాలు వేసేవాళ్ళు, చూసేవాళ్ళకి అద్దంలో బొమ్మలా సరిపోవాలి కాబట్టి. అది తేలికైన విద్య కాదు. తోల్కున్‌కి అదీ వచ్చు, కానీ ఇప్పుడు జనానికి వీపు పెట్టి, గోడ అద్దంకేసి నిలబడి నేర్పుతుంది. ఆ అద్దంలోనైనా తన మోకాళ్ళు తప్ప ఎవరి ముఖమూ చూడదు.

క్లబ్బు డైరెక్టరు సాతార్ బైకే (బైకే అంటే వాళ్ళ భాషలో అన్నగారు) ఆవిడకి ఒక్క అవకాశం ఇచ్చాడు. శుక్రవారం సాయంత్రం ఊళ్ళోవాళ్ళని పిలిచి ఒక క్లాసు చేసి చూపించమన్నాడు. పదిహేనుమంది వచ్చి చివరిదాకా నిలబడితే హాలు ఆవిడది. లేదంటే, సోమవారం నుంచి అందులో అమ్మకానికి సోఫాలు పెడతాడు. సోఫాలు ఆయన బావమరిదివి, అది వేరే సంగతి. ఈ హాలు కూడా చేజారితే తన బతుక్కి ఇంకో హాలు లేదని తోల్కున్‌కి బాగా తెలుసు. ఆవిడకి చేతనైన పని అదొక్కటే.

తీరా చూస్తే క్లాసుకి కడుతున్న నాలుగు వరసల్లో ఆఖరిది కుదరదు! ఒక్కో వరసకి ముప్పైరెండు లెక్కలు. చివరి లెక్క దగ్గర కాలు మారాలి, అప్పుడే ఎడమకాలు దానంతటది ముందుకొస్తుంది. ఈవిడ ఎలా కట్టినా ఆఖర్న మళ్ళీ కుడికాలే ముందుకొచ్చి కూచునేది. నోట్‌బుక్కులో గళ్ళు గీసింది, బాణాలు వేసింది, చించి పారేసింది. మంచమెక్కినా దుప్పటి కింద కాళ్ళాడిస్తూనే ఉండేది. "నీ పక్కన పడుకోవడం గుర్రాల పాకలో పడుకున్నట్టుందే" అని అక్క రోజూ సణుగుడు.

మంగళవారం సాయంత్రం ఒక్కతే హాల్లో కుస్తీ పడుతోంది. ఆరింటికే బయట చీకటి. ఉన్నట్టుండి కరెంటు పోయింది. అక్కడ చలికాలంలో అది మామూలే. తిట్టుకుంటూ బూట్ల పట్టీలు పీకి, మళ్ళీ గట్టిగా అంటించుకుని, హాలుకి తాళం వేసి, ఫోను వెలుగులో మెట్ల దాకా వచ్చింది.

టక్.

ఆగింది.

టక్... టక్... టక్.

హాల్లోంచి. ఇప్పుడే తను తాళం వేసిన హాల్లోంచి!

పరుగెత్తుదామనుకుంది. ఎంత భయమేసినా టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది? లోపల్లోపల లెక్కపెట్టడం మొదలెట్టింది. ఒకటి, రెండు... ఏడు, ఎనిమిది. మళ్ళీ ఒకటి. సరిగ్గా ఎనిమిదేసి లెక్కలు. గాలికీ ఎలకలకీ అంత లెక్క తెలీదు. పైగా బరువు పడ్డప్పుడల్లా పీట ఎడమ కొస కిర్రుమంటోంది.

ఎడమకాలు.

పదహారు... ఇరవై నాలుగు... అక్కడ సరిగ్గా తన వరస చెడిపోయే చోట, బూటు అడుగు పీట మీద జీరాడిన చప్పుడు. తిరిగింది! వెంటనే రెండడుగులు గబగబా. ముప్పైరెండు. ఆ ఒక్క తిరుగుడుతో కాలు మారిపోయింది.

వారం రోజులుగా తనకి దొరకనిది అదే.

టోపీ అక్కడే పడేసి మంచులో పరుగెత్తింది. అక్క వడ్డించిన లగ్మాన్ సేమియా పులుసు చల్లారిపోతున్నా ముట్టుకోకుండా ముందు నోట్‌బుక్కు తీసి రాసుకుంది. చచ్చిపోయినావిడ జేబులో చెయ్యి పెట్టినట్టనిపించి సిగ్గేసింది. అయినా కొట్టెయ్యలేదు.

మర్నాడు కింద తలుపు దగ్గర కూచునే కాలీచా అపాని అడిగింది. పెద్ద వయసు ఆడవాళ్ళని అక్కడ అపా అంటారు. క్లబ్బు తాళాలూ, చీపుళ్ళూ, కోట్లు తగిలించే కొక్కేలూ అన్నీ ఆ ముసలావిడ చేతిలోనే ఉంటాయి. అపా తలెత్తకుండా మేజోడు అల్లుకుంటూ, అవి గదుల్ని వెచ్చబెట్టే వేణ్ణీళ్ళ గొట్టాలనీ, చల్లారేటప్పుడు అలాగే కొట్టుకుంటాయనీ చెప్పింది.

"గొట్టాలు ముప్పైరెండు దాకా లెక్కపెడతాయా అపా?"

అల్లికసూదులు ఒక్క క్షణం ఆగాయి.

"నీ టోపీ ఆ కొక్కేనికుంది, తీసుకో" అంది అపా.

శుక్రవారం పద్దెనిమిది పీటలు వేస్తే పదిహేడుమంది వచ్చారు. దెయ్యాన్ని చూద్దామని వచ్చినవాళ్ళే సగం. ముందు వరస మధ్య పీట ఒకటి ఖాళీగా ఉండిపోయింది. దాని మీదికి ఎవరూ రాలేదు, ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. సాతార్ బైకే కోటు కూడా విప్పకుండా, తలుపు పక్కన కుర్చీ వేసుకుని, మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు.

తోల్కున్ అద్దంకేసి తిరిగింది. మొదలెట్టింది.

మొదటి వరస బాగా పోయింది. రెండోదీ అంతే. మూడోది నేర్పేసరికి వెనక నవ్వులు మానేసి రొప్పడం మొదలెట్టారు. నాలుగోది కుడికాలితో... ఇరవై నాలుగు... తిరుగు! పదిహేడు జతల బూట్లు ఒక్కసారి జీరాడాయి. ముప్పైరెండు. కాలు మారింది. మారింది! తోల్కున్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

"ఇప్పుడు ఎడమ" అంది.

కరెంటు పోయింది.

పాట తెగిపోయింది. అద్దం నల్లబడింది. దాంతోపాటు తోల్కున్ తలలోంచి లెక్క కూడా పోయింది. బిష్కెక్‌లో పోయినట్టే, తుడిచేసినట్టు. చెయ్యి చాచి చల్లటి అద్దాన్ని పట్టుకుంది. వెనక ఎవరో "అమ్మో, ఎడమ అంటూనే..." అని గొణిగారు. ఎవరివో అడుగులు కోట్లు తగిలించిన వైపు కదిలాయి.

"చాల్లేమ్మా, చూశాం" అన్నాడు సాతార్ బైకే చీకట్లోంచి. కుర్చీ జరిగిన చప్పుడైంది.

అప్పుడు...

టక్.

ముందు వరసలోంచి. మధ్య పీట మీంచి.

టక్... టక్... టక్.

పీట ఎడమ కొస కిర్రుమంది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం తోల్కున్‌కి లేదు. కానీ చెవి మాత్రం పని మానలేదు. ఐదు. ఆరు. పోయిన లెక్క ఒక్కో టక్కుతో తిరిగొస్తోంది. ఏడు...

"ఎనిమిది" అంది పైకే. "ఎడమ! ఎక్కండి. రెండు, మూడు..."

అద్దం మీంచి చెయ్యి తియ్యకుండానే తన పీట ఎక్కింది. వెనక ఒకరెక్కారు. ఇద్దరెక్కారు. కాసేపటికి పాట లేకుండానే హాలంతా ఒక్కటే కాలయింది. పదహారు. ఇరవై నాలుగు. తిరుగు. ముప్పైరెండు.

ఎడమకాలి వంతు పూర్తయింది.

కరెంటు మళ్ళీ వచ్చింది. అందరి చూపూ ముందు వరస మధ్య పీట మీదే పడింది. దాని మీద పాతకాలం రబ్బరు బూట్లేసుకుని, తుంటి పట్టుకుని రొప్పుతూ కాలీచా అపా! పదిహేడుమందీ పీటల మీద కూలబడి పొట్టలు పట్టుకుని నవ్వారు. సాతార్ బైకే కూడా నవ్వి, సోఫాలు ఇంకెక్కడైనా కూచుంటాయిలే అనేసి వెళ్ళిపోయాడు.

అందరూ పోయాక కింద ముసలావిడ గదిలో టీ తాగుతూ అసలు సంగతి బయటపడింది. అపా ఒకప్పుడు వెనేరా క్లాసులో ముందు వరస మనిషి. వెనేరా పోయినప్పుడు తనే దగ్గరుంది. వరస సగంలో వదిలేస్తే ఆవిడకి నచ్చదని తెలుసు. అందుకని పన్నెండేళ్ళుగా, తుంటి నొప్పి లేని రోజున, హాలు పక్కనున్న బట్టలు మార్చుకునే గది వెనక తలుపులోంచి హాల్లోకెళ్ళి ఎడమకాలి వంతు తనే చేసి వస్తోంది. ఊరు దెయ్యమనుకుంటే అనుకోనీ, ఈ వయసులో గంతులేంటని నవ్వడం కంటే అదే నయం అనుకుంది. మంగళవారం కూడా తనే. ఆ తిరుగుడు వెనేరాదే.

తోల్కున్ నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. ఏడాదిగా గుండె మీదున్న బరువు దిగినట్టయింది. మీరు మొదలెట్టకపోతే నేనివాళ బతికేదాన్ని కాదు అపా అంది.

"నేనెక్కడ మొదలెట్టానే పిల్లా? వెనక తలుపు సందులోంచి ఆ తిరుగుడు చూసి ఉండబట్టలేక పీట దాకా వచ్చానే గానీ, చీకట్లో నాకు ధైర్యం చాల్లేదు. నువ్వు మొదలెడితేనే కదా ఎక్కాను!"

"నేనా?"

"కిటికీలోంచి మంచు వెలుగు పడుతోందిగా, బాగానే కనపడ్డావు. నాకెదురుగా తిరిగి, నోటితో ఎడమ అన్నట్టు పెదాలాడిస్తూ కుడికాలు వేశావు చూడూ... మా వెనేరా తర్వాత అలా ఎదురుగా నిలబడి నేర్పినదానివి నువ్వేనే తల్లీ."

తోల్కున్ చేతిలో టీ గిన్నె ఆగిపోయింది. అద్దం చల్లదనం ఇంకా ఆ అరచేతికి తెలుస్తోంది. క్లాసంతా అయ్యేదాకా, కరెంటు వచ్చేదాకా, ఆవిడ వెనక్కి తిరగనే లేదు.

"ఇంకో మాట" అంది అపా, రొట్టె తుంచి ఇస్తూ. "ఊడిన లేసు అలా వేలాడేస్తూ గంతులెయ్యకు. కాలికి చుట్టుకుంటుందేమోనని నా ప్రాణం కొట్టుకుపోయింది."

తోల్కున్ నెమ్మదిగా కాళ్ళవైపు చూసుకుంది. అంటించే పట్టీల బూట్లు. వాటికి లేసులుండవు. కాళ్ళు బల్ల కిందికి లాక్కుంది.

"కట్టుకున్నాలే అపా" అంది.

ఆ చలికాలం హాల్లో మళ్ళీ చప్పుడు రాలేదని చెప్తారు. ముసలావిడ కూడా ఇక రాత్రిళ్ళు పోలేదు, సాయంత్రం క్లాసుకే వస్తోంది. తోల్కున్ సోమవారం నుంచి జనానికి ఎదురుగా తిరిగి నిలబడి నేర్పుతోంది. పాతకాలం పద్ధతి ఇప్పుడెందుకమ్మా అని ఎవరైనా అడిగితే, వెనక ఎవరున్నారో చూసుకోకుండా నిలబడలేను అంటుంది.