గోలు వెనక మస్టర్

ఆ రోజు బెల్లంపల్లి జట్టు వెంట వచ్చిన అభిమాని ఒక్కడంటే ఒక్కడే. పేరు ఉపేందర్. బొగ్గుబాయిలో పని, గోల్‌కీపర్‌కు తండ్రి. పిల్లలతో పాటు వ్యానులో ఇరుక్కుని గోదావరిఖని దాకా వచ్చాడు. సగం ఖాళీ అయిపోయిన ఓ కాలనీ పక్క చిన్న గ్రౌండులో, సిమెంటు మెట్ల మీద, అవతలి జట్టువాళ్ల నడుమ దర్జాగా కూర్చున్నాడు. చేతిలో టిఫిను గిన్నె మూత, ఒక చెంచా. బంతి కొడుకు చేతుల్లో పడ్డప్పుడల్లా ఆ మూత మోగుతోంది.

"ఏందే కాకా, మీ బాయిలు మూతపడ్డట్టు మీ గోలు గూడ మూసిండ్రా?" వెనక నుంచి ఎవడో ఎగతాళి చేశాడు.

"మూసినం తమ్మీ. చేతనైతే తెరువుండ్రి."

మెట్లన్నీ నవ్వాయి. ఉపేందర్ కూడా నవ్వాడు కానీ, కళ్లు మాటిమాటికీ గ్రౌండు అవతలికే పోతున్నాయి. అవతలి వైపు షామియానా కింద హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయన కూర్చుని ఉన్నాడు. పెద్ద క్లబ్బుకు కీపర్ కావాలట. కొడుకు ఆయన కంట్లో పడాలి. ఉపేందర్‌కు ఈ లోకంలో ఉన్న కోరిక అదొక్కటే, వీడు బాయి దిగకూడదు. తన తండ్రి ఊపిరితిత్తులను బాయి తినేసింది, తన మోకాళ్లను తింటోంది. ఇక చాలు. పిల్లవాడికి తాత పేరే పెట్టుకున్నాడు, నర్సింగం అని. ఈ కాలం పోరడికి ఆ ముసలి పేరేమిటని బడిలో అందరూ ఏడిపించేవారు. పేరొక్కటే తాతది, బతుకు మాత్రం వేరే ఉండాలని ఉపేందర్ పంతం.

సగం ఆట అయ్యేసరికి ఎవరికీ గోలు పడలేదు. పిల్లలు నీళ్లు తాగుతున్నారు. నర్సింగం ఒంటేలుకని గోలు వెనక సర్కారు తుమ్మల్లోకి పోయాడు. ఆ తుమ్మల వెనకే పాత బాయి మూతి ఉంది. ఎప్పుడో గోడ కట్టి మూసేశారు.

అంతలో ఓపెన్‌కాస్టు గని వైపు సైరన్ మోగింది. బ్లాస్టింగు. చుట్టూ ఉన్నవాళ్లు అలవాటుగా తువ్వాళ్లు ముక్కుకు చుట్టుకుని కాలనీ గోడల చాటుకు నడిచారు. ఉపేందర్ మాత్రం కదల్లేదు. మెట్లు ఒక్కసారి అదిరాయి. కాసేపటికి బూడిదరంగు దుమ్ము గ్రౌండు మీదికి మెల్లగా పాకింది. గోలు కనపడలేదు. షామియానా కనపడలేదు. పట్టపగలే సందె చీకటైంది.

ముందు పేలుడు మందు కాలిన వాసన వచ్చింది. అది పోయాక ఇంకో వాసన. నానిన కర్రదిమ్మెలు, నిలవ నీళ్లు, గాలి ఆడని చోటు... బాయి లోపలి వాసన అది. ఉపేందర్‌కు బాగా తెలుసు. భూమి పైన అతడు ఎన్నడూ దాన్ని పీల్చలేదు.

దుమ్ములోంచి ఒక గొంతు పిలిచింది.

"ఓదెలు."

"హాజర్."

"కొమురయ్య."

"హాజర్."

రెండో సగానికి జట్లను మైకులో పిలుస్తున్నారు కాబోలు అనుకున్నాడు. ఇక్కడి పిల్లలకూ తాతల పేర్లే పెట్టుకున్నారే అని లోలోపల ముచ్చటపడ్డాడు కూడా. అచ్చం బాయి మీద షిఫ్టుకు ముందు మస్టర్ హాజరు పిలిచినట్టే ఉంది.

"నర్సింగం."

జవాబు లేదు.

"నర్సింగం... నాగానా?"

నాగా అన్న మాట చెవిన పడితే బాయి మనిషి ఊరుకోలేడు. నాగా పడితే ఆ రోజు కూలి పోయినట్టే. దోస్తు ఆలస్యమైతే వాడి బదులు పలకడం ఉపేందర్‌కు ఊపిరి పీల్చినంత అలవాటు. ఆలోచించనే లేదు, నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఉన్నడు సార్! ఒస్తుండు!"

 ఆ వెంటనే చాలామంది ఒకేసారి ఊపిరి వదిలిన చప్పుడు...

ఎవరో అతని మోచెయ్యి పట్టుకున్నారు. మెట్ల పక్కన చాయ్ అమ్మే సమ్మవ్వ. 

"ఎవలు బిడ్డా పలికింది?" గుసగుసగా అడిగింది.

"నేనే అవ్వా. నా కొడుకు పేరు... మైకుల పిలిస్తే..."

"కరెంటు పోయి ఎంతసేపాయె. మైకేడిది?"

ఉపేందర్ మెట్ల మీంచి లేచాడు.

"ఎనుకట గా బాయిల నీళ్లు జొచ్చినయి. దిగినోల్లు మల్ల ఎక్కలే. గా దినం ఒకని బదులు దోస్తు పలికిండు. మస్టర్ పడ్డది, మనిషి దిగలే. గట్ల ఆడొక్కడు బతికిండు. గప్పటిసంది దుమ్ము లేస్తె పిలుస్తనే ఉంటరు... ఒకడు తక్కువున్నడని." సమ్మవ్వ గొంతు ఇంకా తగ్గింది. "ఆని పేరు నర్సింగమే బిడ్డా. ఇన్నేండ్ల సంది ఎవలు పలుకలే."

మూత, చెంచా ఎక్కడ పడ్డాయో తెలియదు. ఉపేందర్ దుమ్ములోకి పరుగెత్తాడు.

"నర్సీ! ఓ నర్సీ!"

గోలుపోస్టు చేతికి తగిలింది. ఐసులా ఉంది. పక్క నుంచి బూట్ల చప్పుడు... తడి బూట్లు. వరసగా, తొందర లేకుండా, తుమ్మల వైపు పోతున్నాయి. కనపడేది ఏమీ లేదు. వాసన మాత్రం గొంతులో దిగబడుతోంది.

"సార్... నర్సింగం నాగా సార్! ఆడు రాలే! నాగా పెట్టుండ్రి!"

బూట్లు ఆగలేదు.

"ఆడు చిన్నోడు సార్... మీ కాల్మొక్త..."

ఆగలేదు.

ఉపేందర్ గోలుపోస్టును గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఆని బదులు నేనొస్త. ఉపేందర్... హాజర్!"

బూట్లు ఆగాయి. అన్నీ ఒకేసారి.

చెవి పక్కనే, చాలా దగ్గరగా, మెత్తగా, ఇందాక పేర్లు పిలిచిన గొంతే... "హాజర్."

దుమ్ము విడింది. తుమ్మల్లోంచి నర్సింగం లాగు నాడా కట్టుకుంటూ వచ్చాడు. "ఏంది బాపూ, గ్రౌండు లోపట్కి వచ్చినవ్? రెఫరీ తిడ్తడు, పో." ఉపేందర్ వాడిని వాటేసుకున్నాడు. ఒళ్లు వెచ్చగా ఉంది. ఏడుపు ఆగలేదు. ఇక తనకేమైనా కానీ అనుకున్నాడు. అంత భయంలోనూ సంతోషమే వేసింది.

రెండో సగంలో పిల్లవాడు చెలరేగిపోయాడు. ఎటు కొట్టినా బంతి వాడి చేతుల్లోకే. ఒక్క గోలుతో బెల్లంపల్లి గెలిచింది. ఎగతాళి చేసినవాళ్లే లేచి చప్పట్లు కొట్టారు. హైదరాబాదు ఆయన స్వయంగా వచ్చి నర్సింగం భుజం తట్టి, వచ్చే నెల క్లబ్బుకు రమ్మన్నాడు.

వ్యాను గోదావరి వంతెన ఎక్కింది. పిల్లలు పాటలు పాడుతున్నారు. నర్సింగం తండ్రి పక్కన చేరగిలబడ్డాడు.

"బాపూ, గోలు ఎనక నిలబడ్డ కాకలు నీ దోస్తులా?"

"...ఏ కాకలు?"

"ఆట అయ్యేదాక నా ఎనకనే ఉన్నరు. బంతి ఎటొస్తదో ముందుగాల్నే చెప్తుండ్రి. ఆల్లు చెప్పిన దిక్కే దుంకిన. ఒక్కటన్న తప్పలే." వాడు ఆవులించాడు. "పోయేటప్పుడు అన్నరు, నీకు మీ బాపుకు ఒక్కటే షిఫ్టు పడ్డది, కలిసి రాండ్రి అని. గదేంది బాపూ?"

ఉపేందర్ కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. 

"ఇంకేమన్నరు బిడ్డా?"

"ఏమన్లే." నర్సింగం కళ్లు మూతపడుతున్నాయి. "మంచోల్లే, పాపం. అందరు మెడల దాక తడిసి ఉన్నరు."