217 మోగిన తర్వాత

రేవు వెనక గిడ్డంగి మెట్ల మీద అతను ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టే కూర్చున్నాడు. చెవి వెనక చిన్న రంధ్రం లేకపోతే ఎవరూ ఆగి చూసేవారు కాదు. జేబులో చీటీ, అతని చేతిరాతే: "గిడ్డంగి మెట్లు. పది గంటలు."

"ఆ చోటు మనం చెప్పలేదు," అన్నాడు పెద్దాయన, ఫొటోను టేబుల్ మీద పెడుతూ. "బయట ఉన్న మన ఏజెంట్లందరిలాగే అతనూ మన ఫీల్డ్ లైన్‌కే ఫోన్ చేశాడు. కోడ్‌వర్డ్ చెప్పాడు. ఎవరో బదులిచ్చారు. మన ఆపరేటర్ మాత్రం ఆ కాలే రాలేదంటోంది."

ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో ఉడుము అంటారు. పట్టుకుంటే వదలడని.

"ఇతను రెండోవాడు," అన్నాడు పెద్దాయన. "రెండుసార్లూ వాళ్లు ఫోన్ చేసిన నిమిషంలోనే మన ఫోన్ సిస్టమ్ దానంతటదే రీబూట్ అయింది."

"మూడో కాల్ ఎవరిది?"

పెద్దాయన కళ్లజోడు తీసి తుడిచాడు. "మీ వదిన తమ్ముడిది. ఇవాళ పదకొండూ యాభై అయిదుకి."

మిగతాది ఉడుముకి వేరే చెప్పనక్కర్లేదు. వదిన తమ్ముడు సరిహద్దు దాటి వస్తున్నాడు, వెనక విదేశీ ముఠా వేట. అతనికి ముందుగా కబురు పంపే దారి లేదు. ఫోన్ ఎవరూ ఎత్తకపోతే తలదాచుకునే చోటు తెలియదు. తప్పు మనిషి ఎత్తితే ఇంకో ఫొటో.

పదింటికి ఎగుమతుల కంపెనీ అన్న బోర్డు వెనకున్న డిపార్ట్‌మెంట్ ఆఫీసులోకి నూనె మరకల చొక్కా, అతికించిన మీసంతో ఒక బ్యాటరీ మెకానిక్ వచ్చాడు. అతని చేతిలోని టెస్ట్ ఫోన్ మామూలుదిలాగే కనిపిస్తుంది. ఏ సిస్టమ్‌కి తగిలించినా దాని లోపలి లాగ్, అంటే కాల్స్ చిట్టా అంతా చదివేస్తుంది.

అతను ఎర్తింగ్ చూశాడు. బ్యాటరీలు చూశాడు. పవర్ సప్లయ్ కార్డు తీసి కొత్తది పెట్టాడు. దేనిలోనూ లోపం లేదు.

ఆఫీసంతా అత్తయ్య అని పిలిచే ఆపరేటర్ గొంతు తగ్గించి చెప్పుకొచ్చింది. ముందు తాళం వేసిన గదిలో 217 నంబర్ ఫోన్ ఒక్కసారి మోగుతుందట. వెంటనే ఆఫీసులో అన్ని ఫోన్లూ చచ్చిపోతాయట. మళ్లీ లేచాక డేటా అంతా కలగాపులగం, క్యాషియర్‌కి చేస్తే వాచ్‌మన్ పలుకుతాడు. ఆ గది వైపు వెళ్లడం అందరూ మానేశారు.

ఆ గది ఉడుము అన్నయ్యది. చనిపోయి ఎనిమిది నెలలైంది.

"ఆ ఎక్స్‌టెన్షన్ తీసేయలేదా?"

"రెండుసార్లు ఆర్డర్ వచ్చింది బాబూ. నాకు కళ్లు కనబడవన్నాను." ఆమె చీరకొంగు సర్దుకుంది. "రోజూ పన్నెండింటికి ఆయన భార్య ఫోన్ చేస్తుంది. 217 ఇవ్వమంటుంది. ఆయన గొంతు విని పెట్టేస్తుంది. ఎలా తీస్తాం?"

వదిన ఈ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఉడుము టెస్ట్ ఫోన్‌లో 217 నొక్కాడు.

"నేను సీట్లో లేను. చెప్పాల్సింది చెప్పండి, వింటాను."

తాళం వేసిన తలుపు పక్కనే నిలబడి విన్నాడు. రికార్డయిన అన్నయ్య గొంతు తలుపు అవతల నుంచి వచ్చినట్టే ఉంది.

పదకొండూ నలభై ఎనిమిదికి లాగ్ తెరుచుకుంది. ప్రతి రీబూట్‌కీ ఒక్క సెకను ముందు బయటి నంబర్ నుంచి 217కి ఒక కాల్. రీబూట్ అయ్యాక అయిదు నిమిషాల పాటు ఫీల్డ్ లైన్ కాల్స్ 217కి, అక్కణ్ణుంచి అదే బయటి నంబర్‌కి. ఆ మళ్లింపు ఆదేశం రాసిన పాస్‌వర్డ్, ఆఫీసంతా మేడమ్ అని పిలిచే ఆవిడది.

ముఠాలో డిపార్ట్‌మెంట్ నాటిన మనిషి ఆమె. ఇప్పుడు వెనకే నిలబడి ఉంది. నల్ల సూటు, ముత్యాల చెవిపోగులు. ఆమె నడిచి వెళితే కుర్ర ఆఫీసర్లు టైలు సర్దుకునేవారు.

"మీసం ఊడుతోంది, బ్యాటరీ అబ్బాయ్."

"మీరు ఏ పక్షం?"

"జీతం రెండు చోట్లా తీసుకుంటాను. పని ఒక్క చోటే చేస్తాను."

ముందు అన్నయ్య గొంతును కాపీ చేసుకోవాలని అతను కేబుల్ అందుకున్నాడు. ఆమె చేతిలో పౌడర్ డబ్బా తెరుచుకుంది. అద్దం కింద బటన్లు. ఆమె ఒకటి నొక్కింది.

తాళం వేసిన గదిలో ఫోన్ ఒక్కసారి మోగింది.

ఆఫీసు మూగబోయింది. పదకొండూ యాభై నాలుగు. టెస్ట్ ఫోన్ స్క్రీన్ మీద రెండే వరుసలు: ఒకటి, దాచిన డేటా లోడ్ చేయి. రెండు, అంతా తుడిచెయ్యి. ముప్పై సెకన్లలో ఏదీ నొక్కకపోతే దానంతటదే ఒకటి. ఆ దాచిన డేటాలోనే మళ్లింపూ ఉంది, అన్నయ్య గొంతూ ఉంది.

"రెండు నొక్కలేరు," అంది ఆమె తీరిగ్గా. "అందుకే 217ని ఎంచుకున్నాను. ఇక్కడ తుపాకీకి ఎదురు నిలిచేవాళ్లు ఉన్నారు. ఆ గొంతు తుడిచేవాళ్లు లేరు."

ఇరవై. పన్నెండు. అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాలుగు.

ఉడుము రెండు నొక్కాడు.

ఏమీ గుర్తులేని సిస్టమ్ బయటి కాల్స్ అన్నిటినీ మొదటి ఫోన్‌కే పంపుతుంది. అది అత్తయ్య టేబుల్ మీద ఉంది. యాభై అయిదుకి మోగింది.

"తాళంచెవి మర్చిపోయాను," అంది అలసిపోయిన గొంతు.

"ఏ గదిది?" అంది అత్తయ్య. ఆమె గొంతు చెక్కుచెదరలేదు.

"వంటగదిది. ఏంటండీ, మొదటి రింగుకే ఎత్తారు, పనేమీ లేదా?"

ఆమె చోటు చెప్పింది. సరైన చోటు. మేడమ్ పౌడర్ డబ్బా మూసి తలుపు వైపు తిరిగింది. తలుపు దగ్గర పెద్దాయన మనుషులు ఉన్నారు, టైలు లేకుండా.

పన్నెండింటికి మళ్లీ అదే ఫోన్ మోగింది. అత్తయ్య ఎత్తి, విని, రిసీవర్ ఉడుముకి అందించింది.

"217 ఇవ్వమ్మా," అంది వదిన.

"వదినా, నేను. 217 ఇక లేదు. నేనే తుడిచేశాను."

ఉడుము అతికించిన మీసం పీకి టేబుల్ మీద పెట్టాడు.

"మీ తమ్ముడు రాత్రికి ఇంటికొస్తున్నాడు. వాడికోసమే."

"వాడి ఒంటికి ఏమీ కాలేదుగా?"

"లేదు. వాగే నోటికి కూడా."

ఆమె ముక్కు ఎగబీల్చింది. నవ్విందో ఏడ్చిందో లైన్‌లో తెలియలేదు. "నువ్వూ రా. ఆయన గొంతు తుడిచినవాడివి, ఆయన పీట మీద కూర్చుని వాడి సోది నువ్వే వినాలి."

శత్రువులు ఇంతవరకూ ఉడుముకి అంతకన్నా పెద్ద శిక్ష వేయలేకపోయారు.